రేకు పెట్టె మీద తెల్ల రంగు నంబరు

పల్లెల్లో ఒకప్పుడు మిలిటరీ వాళ్ల ఇల్లు ఏదని ఎవరినీ అడగక్కర్లేదు. వసారాలో మంచం కిందో, గాదె పక్కనో నల్ల రేకు పెట్టె కనపడేది. మూత మీద తెల్ల రంగుతో, ఇంగ్లిషు అక్షరాల్లో ఒక నంబరు. పక్కన హోదా, పేరు. కింది వరసలో పల్టన్, అంటే పటాలం పేరు. సెలవు మీద వచ్చినవాడు రైలు దిగి ఎడ్లబండి మీద వేసుకొచ్చిన పెట్టె అది. ఆయన పింఛను మీద ఇంటికి చేరుకున్నాక అందులోకి పట్టుచీరలు, దస్తావేజులు, పెళ్లి కాగితాలు చేరేవి. పిల్లలు దాని మీదెక్కి కూర్చునేవాళ్లు. మనిషి తిరిగిరాని ఇంట్లో మాత్రం ఆ పెట్టెకు తాళం ఉండేది. పిల్లల్ని దాని దరిదాపులకు రానిచ్చేవాళ్లు కాదు.

ఊరికి మనిషి వరసతోనే గుర్తు. జమేదారు గారి తమ్ముడు, బర్మాలో పోయినాయన, కరణం గారి వీధిలో మిలిటరీ వాళ్ల రెండోవాడు. సర్కారుకు నంబరుతో గుర్తు. ఈ రెండు గుర్తులూ ఒకే కాగితం మీద కలిసి ఉన్నది చాలా కొద్ది ఇళ్లలోనే. వరస చెప్పగలిగిన ముసలివాళ్లు వెళ్లిపోయారు. తుప్పు పట్టిన పెట్టెల్ని పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన వేశారు. ఊరి అమరుల పేర్లు ఒకచోట చేర్చి రాయి మీద చెక్కించాలని ఇప్పుడు ఎవరు పూనుకున్నా ముందు వెతకాల్సింది ఆ నంబరునే. ఒకే పల్టన్‌లో ఒకే పేరున్న వాళ్లు పదిమంది ఉండొచ్చు గానీ నంబరు ఒక్కరిదే.

పెట్టె ఇంకా మిగిలి ఉంటే దాన్ని తడిగుడ్డతో కూడా తుడవద్దు. కిరసనాయిలు అసలే వద్దు, తుప్పుతో పాటు రంగు కూడా ఊడి వస్తుంది. చీకటి గదిలో పెట్టి, టార్చిలైటును మూతకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేట్టు పట్టుకుంటే వెలిసిపోయిన రంగు కింద కుంచె గీతల ఎత్తుపల్లాలు నీడలుగా తేలతాయి. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు తీయాలి. ఒక వైపు నుంచి 3లా కనిపించిన అంకె ఇంకో వైపు నుంచి 8 అవుతుంది. చదవగలిగినంత మటుకే రాసుకుని, చదవలేని అంకె దగ్గర చుక్క పెట్టాలి. ఊహించి పూరించిన అంకె తర్వాత ఎవరో పరాయి కుటుంబం వాడి మరణాన్ని మనవాడికి అంటగడుతుంది.

పెట్టె లేకపోతే పతకాలు. మొదటి ప్రపంచయుద్ధం నాటి వెండి పతకం 36 మిల్లీమీటర్ల వ్యాసంతో, పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంటుంది. దాని అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, పల్టన్ అచ్చుగుద్ది ఉంటాయి. ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో వచ్చిన కంచు పతకం దానికి జంట. వాటితో పాటు ఇచ్చిన 1914–15 స్టార్ నక్షత్రం ఆకారపు పతకం, దానికి అంచు లేదు గనుక పేరు వెనకవైపున ఉంటుంది. వెండిది కాబట్టి మొదటిది కరువు రోజుల్లో కంసాలి మూసలోకి పోయేది, ఎవరూ కొనని కంచుది ఇంట్లో మిగిలిపోయేది. యుద్ధభూమిలో బరువులు మోసిన కూలి దళాల వాళ్లకు వెండిదాని బదులు కూడా కంచుదే ఇచ్చారు. అందుకని ఆ పతకం కంచుదై కనిపిస్తే నకిలీ అనుకోవద్దు. రెండో యుద్ధంలో ఇచ్చిన ఆరు కోణాల స్టార్లు బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే వచ్చాయి, భారత సైనికులవి మాత్రం పేరు చెక్కినవి దొరుకుతుంటాయి. బర్మా స్టార్ ఉన్న ఇంట్లో మనిషి 1941 డిసెంబరు, 1945 సెప్టెంబరు మధ్య ఆ వైపు పనిచేశాడని గట్టిగా చెప్పొచ్చు.

స్వాతంత్ర్యం తర్వాతవి ఇంకా సుళువు. 1965లో పోరాట ప్రాంతంలో ఉన్నవాళ్లకు సమర్ సేవా స్టార్, 1971లో పడమటి వైపు పశ్చిమీ స్టార్, తూర్పున పూర్వీ స్టార్, కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ స్టార్. ఏ రిబ్బను ఉందో చూస్తే మనిషి ఎటువైపు ఉన్నాడో తెలుస్తుంది. వీటి మీద కూడా నంబరూ పేరూ ఉంటాయి.

ఇక్కడే పెద్ద నష్టం జరిగేది. ఆగస్టు 15కి ఫొటో తీస్తారనగానే ఎవరో ఒకరు చింతపండు, బూడిద పెట్టి పతకాన్ని ఇత్తడి చెంబులా తోమేస్తారు. ముఖం మీద రాజు బొమ్మ తళతళలాడుతుంది గానీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. ఆ అక్షరాల లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. నాలుగైదు తోముళ్లకే పేరు మాయం. నల్లగా ఉంటే నల్లగానే ఉండనివ్వాలి. మెత్తని పొడి నూలుగుడ్డలో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పెడితే చాలు.

కొన్ని ఇళ్లలో అరచేయంత కంచు బిళ్ల కూడా దొరుకుతుంది. సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం, ఒక స్త్రీమూర్తి, పక్కన సింహం, పైకి ఉబ్బిన అక్షరాల్లో పేరు. మొదటి యుద్ధంలో చనిపోయిన వాళ్ల ఇళ్లకు పంపినది. హోదా, నంబరు దాని మీద ఉండవు, చావులో హెచ్చుతగ్గులు ఉండకూడదని అలా చేశారు. ఆలోచన గొప్పదే. వెతికేవాడికి మాత్రం ఆ బిళ్ల ఒక్కటే ఉంటే చిక్కే, ఎందుకంటే పేరు మాత్రమే మిగిలింది.

కాగితాల్లో అన్నిటికంటే తక్కువ అంచనాకు గురైనవి మనియార్డరు ముక్కలు. పంపినవాడు నాలుగు మాటలు రాసుకునేందుకు ఫారం కింద ఉండే ఆ చీటీని పోస్ట్‌మ్యాన్ చింపి ఇంటివాళ్లకు ఇచ్చేవాడు. అందరూ క్షేమమా, గేదె ఈనిందా, తమ్ముణ్ణి బడి మాన్పించవద్దు. ఆ నాలుగు మాటల పక్కన పంపినవాడి నంబరు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ ముద్ర ఉండేవి. యుద్ధకాలంలో తానున్న ఊరి పేరు రాయనిచ్చేవాళ్లు కాదు, కాబట్టి ఆ పోస్టాఫీసు నంబరే దారి చూపుతుంది. తర్వాతి తరానికి కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు), 1962 తర్వాత తూర్పు సరిహద్దు వాళ్లకు 99 ఏపీవో. ఆ రెండు అంకెలూ తెలియని సైనిక కుటుంబం తెలుగునాట లేదు. నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతే ఇంట్లో ముందే గుండె దడ మొదలయ్యేది, టెలిగ్రాము తర్వాత ఎప్పుడో వచ్చేది. టెలిగ్రాము అంటేనే చావుకబురు అన్నంతగా భయం పాతుకుపోయింది. 2013 జులైలో ఆ సేవనే ఎత్తేశారు గానీ పాత పసుపు కాగితాలు కొన్ని ఇళ్లలో ఇంకా దేవుడి పటం వెనక ఉన్నాయి. వాటి మీది తేదీ కబురు చేరిన తేదీ, మనిషి పోయిన తేదీ వేరు. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయాక బందీలైన వాళ్ల విషయంలో ఈ రెంటికీ మధ్య మూడేళ్లు కూడా గడిచాయి. శిల మీద తప్పు తేదీ పడటానికి మొదటి కారణం ఇదే.

మనవాళ్లు ఎక్కడెక్కడ చేరారో తెలియకపోతే వెతుకులాట దారి తప్పుతుంది. కుంఫిణీ కాలంలో మద్రాసు సైన్యం నిండా తెలుగువాళ్లు ఉండేవాళ్లు. తర్వాత కొన్ని జాతులే పోరుకు పనికొస్తాయనే యుద్ధజాతుల సిద్ధాంతం పట్టుకుని దొరలు దక్షిణాది పల్టన్లను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చారు. మొదటి యుద్ధం ముగిశాక ఉన్న మద్రాసు పదాతి పటాలాలనూ రద్దు చేసి, రెండో యుద్ధం ముంచుకొచ్చాక మళ్లీ నిలబెట్టారు. మధ్యకాలంలో తెలుగు కుర్రాళ్లకు మిగిలిన పెద్ద దారి బెంగళూరులోని మద్రాస్ సాపర్స్. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం, రోడ్లు వేయడం వాళ్ల పని. మిగిలినవాళ్లు పయనీర్ దళాల్లో, సరుకు రవాణాలో, ఆస్పత్రుల్లో, వంటశాలల్లో చేరారు. ఊళ్లో ఇప్పటికీ తుపాకీ పట్టినవాడే సైనికుడు అనుకుని వంటవాణ్ణి, నీళ్లు మోసినవాణ్ణి, గుర్రాల సాయీసును జాబితాలోంచి తీసేస్తుంటారు. సైన్యంలో పేరు నమోదై, యుద్ధకాలంలో సేవలో ఉండగా పోయినవాడు ఎవరైనా లెక్కలోకి వస్తాడు. జ్వరంతో పోయినా, ఓడ మునిగి పోయినా అంతే.

తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనడం అందరికీ తెలుసు. ఇంటికొకరు సైన్యానికి వెళ్లే అలాంటి ఊళ్లలో పేర్లు పదిలంగా ఉన్నాయి, ఎందుకంటే ఒకరి మాట తప్పితే దిద్దడానికి పక్కింట్లో ఇంకో సుబేదారు ఉంటాడు. చిక్కంతా ఒక్కడే వెళ్లి, ఆ ఒక్కడూ రాని ఊరిది.

తెలంగాణ వైపు నిజాం సంస్థానపు దళాలు వేరు. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం వాళ్లు మొదటి యుద్ధంలో సూయజ్, పాలస్తీనాల్లో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తు, మిగతా రెండూ మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగినప్పుడు కోట బారు విమానాశ్రయం దగ్గర కాపలా ఉన్నది కూడా హైదరాబాద్ సంస్థానపు పదాతి దళమే. కానీ రికార్డులో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని కనిపించగానే మనవాడే అని సంబరపడొద్దు. పేరు హైదరాబాద్‌ది, అందులో ఎక్కువమంది కుమావూ, అహీర్, జాట్ కుర్రాళ్లు. 1945లో దాని పేరునే కుమావూ రెజిమెంట్‌గా మార్చారు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎక్కడో అల్మోడా కొండల మనిషి పేరు మన జాబితాల్లోకి వచ్చి కూర్చుంటుంది.

పేరు వెతకడానికి అందరూ మొదట వెళ్లేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటుకి. 1917లో పుట్టిన సంస్థ, రెండు ప్రపంచయుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది పేర్లు దాని దగ్గర ఉన్నాయి. అక్కడ ఇంటిపేరు గడిలో ఇంటిపేరు కొడితే చాలాసార్లు ఏమీ రాదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. భర్తీ గుమాస్తా ఇంటిపేరు వదిలేసి ఉట్టి పేరే రాసుకుని ఉంటాడు. పక్కన ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు అని ఉంటుంది. అందుకని ఇంటిపేరు గడిలో అసలు పేరే కొట్టాలి. అప్పటికీ రాకపోతే అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరు, తాలూకా పేరు కొట్టి, వచ్చిన వాళ్లందర్నీ తండ్రి పేరుతో పోల్చుకోవాలి. గుమాస్తా తమిళుడైతే వెంకటస్వామి వెంకటసామి అవుతాడు, ఉత్తరాదివాడైతే నర్సింహులు చివర రెండు ఓలు తగిలించుకుని కొత్త మనిషిలా తయారవుతాడు. వి బదులు డబ్ల్యూ, య బదులు ఐ. ఒక్కో పేరుకి ఏడెనిమిది రాతలు కొట్టి చూడనిదే లేడని తేల్చకూడదు.

ఊళ్ల పేర్లూ అంతే. విజయవాడకి బెజవాడ, ఏలూరుకి ఎల్లోరు, కాకినాడకి కొకనాడ, శ్రీకాకుళానికి చికకోల్, కృష్ణకి కిస్త్నా. రాతకంటే పెద్ద ఉచ్చు జిల్లాలది. 1914లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం మనుషులు కృష్ణా జిల్లా వాళ్లు, పశ్చిమ గోదావరి 1925లో గానీ పుట్టలేదు. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒంగోలు మనిషి రెండు యుద్ధాల్లోనూ గుంటూరు జిల్లావాడే. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే సగం మంది జారిపోతారు. మనవాడు పుట్టిన ఊరు ఆయా సంవత్సరంలో ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది ముందే ఒక కాగితం మీద వేసుకుని మొదలుపెట్టాలి.

తేదీల హద్దులు కూడా తెలిసి ఉండాలి. మొదటి యుద్ధం కింద 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధం కింద 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు లెక్క. యుద్ధం అయిపోయాకే పోయాడు కదా అని ఇంటివాళ్లే పక్కనపెట్టిన మనిషి ఈ హద్దుల్లోపల ఉండొచ్చు. సైన్యం నుంచి ఇంటికి పంపేశాక, యుద్ధంలో తగిలిన జబ్బుతోనే పోయినవాడికీ చోటుంది. అది కాగితంతో రుజువు కావాలి, అంతే.

పేరు దొరికాక సమాధి ఎక్కడని అడుగుతారు. ఎక్కువమందికి సమాధి లేదు. హిందువులకు, సిక్కులకు దహనం జరిగింది, కాబట్టి గోడ మీద పేరే గుర్తు. కోహిమాలో దహనమైన 917 మందికి ప్రత్యేకంగా ఒక స్మారకం ఉంది. బర్మాలో పోయి సమాధి దొరకని వాళ్ల పేర్లు యాంగోన్ పక్కన టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద ఉన్నాయి, దాదాపు 27,000. మలయా, సింగపూర్ వాళ్లవి క్రాంజీలో, 24,000 పైచిలుకు. యుద్ధరంగం దాకా వెళ్లకుండా శిక్షణ కేంద్రంలోనో, దేశంలోని ఆస్పత్రిలోనో పోయిన పాతిక వేల పైచిలుకు మందికి రాతి మీద కాకుండా ఢిల్లీలోని యుద్ధ శ్మశానంలో ఒక పుస్తకంలో పేర్లు ఉంచారు. సొంత దేశంలోనే పోయినవాడు జాబితాలో కనపడకపోతే వెతకాల్సింది అక్కడ. ఇండియా గేటు మీద ఉన్నవి 13,000 పైన. అందరి పేర్లూ దాని మీదే ఉంటాయన్నది చాలామంది భ్రమ. మొదటి యుద్ధంలో పోయిన భారత సైనికులు సుమారు 74,000 మంది అయితే ఆ గోడ మీద అందరికీ చోటెక్కడిది? ఎక్కువగా వాయవ్య సరిహద్దులోనూ, 1919 అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్లవే అవి.

మెసపొటేమియాలో పోయిన వాళ్ల కథ వేరు, చెప్పుకోవడానికి కష్టంగానే ఉంటుంది. బస్రా స్మారకం మీద 40,000 మంది పైగా లెక్కకొస్తారు. అధికారుల పేర్లు చెక్కారు, మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు. పల్టన్ పేరు కింద ఇంతమంది ఇతర భారత సైనికులు అని అంకె వేసి ఊరుకున్నారు. పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. చనిపోయిన వారందరినీ సమానంగా చూస్తామని మొదటి రోజు నుంచీ చెప్పుకున్న సంస్థ ఈ వివక్షను అధికారికంగా ఒప్పుకున్నది 2021 ఏప్రిల్లో. యుద్ధం అయ్యాక మద్రాసు ప్రెసిడెన్సీతో పాటు ఉత్తరాది పల్లెల్లో వేసిన చలువరాయి ఫలకాలదీ ఇదే తీరు. ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు విడిచారు. ఒక్క పేరు లేదు. అలాంటి ఫలకం ఏ గోడలోనైనా దొరికితే దాని మీద సున్నం వేయనివ్వొద్దు. ఆ అంకె మన జాబితాకి హద్దు. ఫలకం ఏడుగురంటే, మనకు నలుగురే దొరికితే, ఇంకా ముగ్గురి కోసం వెతకాలి.

1947 తర్వాతి వాళ్ల విషయంలో దారి మారుతుంది. వెబ్‌సైటు కంటే రికార్డు ఆఫీసు ముఖ్యం. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లో వెల్లింగ్టన్, సాపర్లది బెంగళూరు, ఫిరంగి దళానిది నాసిక్ రోడ్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ, ఆయుధాలు, సామగ్రి అందించే ఆర్డినెన్స్ కోర్‌ల రికార్డులు సికింద్రాబాద్. అర్జీ పంచాయతీ పేరుతో పెడితే తిప్పి పంపుతారు, వివరాలు దగ్గరి బంధువుకే ఇస్తారు. భార్య, కొడుకు, అన్నదమ్ముల్లో ఎవరో ఒకరి సంతకంతో, నంబరు, పింఛను కాగితం నకలు జతచేసి పంపాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళితే కాస్త త్వరగా కదులుతుంది. వచ్చే జవాబులో చూడాల్సిన మాట, మరణాన్ని బ్యాటిల్ క్యాజువల్టీగా నమోదు చేశారా, ఫిజికల్ క్యాజువల్టీగానా అన్నది. మొదటిది శత్రువుతో పోరులోనో, నోటిఫై చేసిన ఆపరేషన్‌లోనో. రెండోది ప్రమాదం, జబ్బు. పింఛనులో తేడా ఉంటుంది, కుటుంబం మనసులో ఇంకా పెద్ద తేడా ఉంటుంది. ఊరి ఫలకం మీద ఈ మాటలు రాయక్కర్లేదు. సేవలో ఉండగా అమరుడైనాడు అని చాలు, తేదీ, చోటు రాస్తే సరి. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో అప్పటికి 25,942 పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కారు. మనవాడి పేరు అందులో ఏ యుద్ధం కింద, ఏ రాతలో ఉందో చూసుకుని ఊరి రాతను దానితో సరిచూడటం మంచిది.

సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది, గల్వాన్‌లో 2020 జూన్ 15న జరిగింది ఆ దారిన పోయే పిల్లలు కూడా చెబుతారు. కార్గిల్‌లో పోయిన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు వినని వాళ్లు తక్కువ. ఇద్దరికీ మహావీర్ చక్ర వచ్చింది. 1962లోనో, 1971లోనో పోయి ఏ పతకమూ రాని సిపాయికి ఊరి రాయి ఒక్కటే దిక్కు. అందుకే ఆ రాయి సరిగ్గా ఉండాలని ఇంత పట్టుదల.

పాతకాలం వాళ్లకు రాయి సంగతి బాగా తెలుసు. రాయలసీమలో, తెలంగాణలో పొలం గట్ల మీద కనపడే వీరగల్లుల్ని చూడండి. కింది అరలో పోరు, నడిమి అరలో అప్సరసలు తీసుకుపోవడం, పై అరలో లింగం ముందు వీరుడు. వందల ఏళ్లు ఎండలో వానలో నిలబడ్డా బొమ్మ పోలేదు, ఎందుకంటే అది లోతుగా చెక్కింది. ఇప్పుడు చవకని కడప బండ మీద గోరు మందాన గీకించి బంగారు రంగు నింపుతున్నారు. ఆ బండ సున్నపురాయి జాతి. నునుపు పోయి తెల్లబడుతుంది, రంగు మూడు నాలుగు ఎండాకాలాలకి పెచ్చులూడుతుంది. చలువరాయీ వానకు అరుగుతుంది. నల్ల గ్రానైటే మేలు, అదీ చుక్కల్లేనిది. చీమకుర్తి గెలాక్సీ రాయి ఇంటి గచ్చుకి అందమే గానీ అందులోని బంగారు చుక్కలు చిన్న అక్షరాల్లో కలిసిపోయి సున్నాకీ చుక్కకీ తేడా తెలియనివ్వవు. నునుపు చేసిన నలుపు మీద గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి చెక్కితే అక్షరం లోపల బూడిదరంగు తేలుతుంది. రంగు వేయకుండా అలాగే వదిలేయాలి, ఊడిపోవడానికి ఏమీ ఉండదు.

తెలుగు అక్షరానికి ఇంగ్లిషు కొలతలు పనికిరావు. అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లకు తగ్గితే ఒత్తులు ముద్దవుతాయి, లోతు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. వరసకూ వరసకూ మధ్య అక్షరం ఎత్తంత ఖాళీ వదలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో చిక్కుకుంటుంది. వెంకట్రామయ్య, లక్ష్మీనర్సయ్య లాంటి పేర్ల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. కంప్యూటర్ కోత అయితే ఫైలును అక్షరాలుగా ఇవ్వొద్దు, గీతలుగా మార్చి ఇవ్వాలి. లేకపోతే వాళ్ల మెషీన్లో ఫాంటు మారిపోయి ఒత్తులు పక్కకి జరుగుతాయి, క్ష కాస్తా విడిపోతుంది. కోతకు ముందు అసలు సైజులో కాగితం మీద ప్రూఫ్ తీయించి ఇద్దరు కూర్చోవాలి. ఒకరు మూల కాగితం చూసి నంబరు ఒక్కో అంకె పలకాలి, రెండోవారు ప్రూఫ్ మీద వేలు పెట్టాలి. పేర్లు కింది నుంచి పైకి చదవాలి, వరసలో చదివితే అలవాటైన కన్ను తప్పును దాటేస్తుంది. తర్వాత ఆ ప్రూఫ్ ప్రతి ఇంటికీ వెళ్లాలి. రాయి మీద పడ్డాక ఇంటిపేరు తప్పని తెలిస్తే దిద్దుబాటు లేదు, పలక మొత్తం మార్చాల్సిందే.

పేర్ల వరస దగ్గర ఎప్పుడూ గొడవే. హోదా ప్రకారం పెడితే సుబేదారు పైన, సాపర్ కింద. తేదీ ప్రకారమో, అకారాది క్రమంలోనో పెట్టడమే న్యాయం. హోదా పేరు పక్కన రాస్తే చాలు. ఒక్క మాట కటువుగా చెప్పక తప్పదు. చాలా ఊళ్లలో ఆవిష్కరించిన వారి పేరు, అధ్యక్షత వహించిన వారి పేరు, దాత పేరు, దాత నాన్నగారి పేరు అన్నీ పోయాక మిగిలిన జానెడు చోటులో అమరుల పేర్లు ఇరికిస్తున్నారు. ఆవిష్కరణ వివరాలకు వెనకవైపు వేరే చిన్న పలక పెట్టుకోవచ్చు. ఒప్పుకోరంటారేమో, మొదటి సమావేశంలోనే తీర్మానం రాయించుకుంటే ఒప్పుకుంటారు. రాయి వచ్చాక అడిగితే ఒప్పుకోరు.

నల్లరేగడి నేలలో దిమ్మె ఒరగడం మామూలే. వానకు ఉబ్బి ఎండకు ముడుచుకునే నేల అది, రెండడుగుల పునాది మీద కట్టిన దిమ్మె రెండో ఏడాదికే బీటలిస్తుంది. కనీసం నాలుగడుగులు తవ్వి, రేగడి తీసేసి, మొరం, ఇసుక పొరలు పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టించాకే కాంక్రీటు వేయాలి. దిమ్మె చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి. పలకను ఉట్టి సిమెంటుతో అతికిస్తే నునుపు గ్రానైట్ వెనక పట్టు దొరకదు, ఓ వేసవిలో పలక మొత్తం జారి పగులుతుంది. పలక బరువు స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపుల మీద నిలవాలి. అంచుల్లో మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు వదలాలి. మామూలు ఇనుప మేకులు తుప్పు పట్టి ఉబ్బి రాయిని లోపలి నుంచి చీలుస్తాయి.

పూర్వం డిసెంబరు 7న బడిలో పావలాకో అర్ధరూపాయికో చిన్న కాగితం జెండా గుండుసూదితో చొక్కాకి గుచ్చేవాళ్లు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. 1949 నుంచీ ఉన్న సాయుధ దళాల పతాక దినం అది. జెండా గుచ్చుకున్న పిల్లలకు తమ ఊరి నుంచి వెళ్లినవాళ్ల పేరు ఒక్కటి కూడా చెప్పేవాళ్లు కాదు. రాయి ముందు చేయాల్సింది అదే, ప్రతి పేరూ పైకి చదవడం. కారంపూడిలో పల్నాటి వీరులకు చేసేది చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలు నాగులేట్లో స్నానమాడి వస్తాయి, కథ పాడేవాళ్లు వీరుల్ని పేరు పెట్టి పిలుస్తారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు ఆ సీమలో ఇంకా నోళ్లలో ఉన్నాయి, 1944లో పోయినవాడి పేరు సొంత మనవడికి తెలియదు.

చదివే వరస కూడా ముందే అనుకోవాలి. హోదా, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పోయిన చోటు, సంవత్సరం. ఒక్కొక్కరికి పది క్షణాలు పట్టనివ్వాలి. మైకు పెట్టేవాడు సినిమా పాట ఆపడం మరిచిపోకుండా ఒకరిని అక్కడే నిలబెట్టాలి. బ్యూగిల్ ఊదేవాడు దొరక్కపోతే ఫోన్లో లాస్ట్ పోస్ట్ అనే బ్యూగిల్ వీడ్కోలు పాట పెట్టే బదులు రెండు నిమిషాల మౌనం చాలు. ఇంటివాళ్లకు కుర్చీలు ముందు వరసలో, నాయకులకు తర్వాత.

రాయి నిలబెట్టాక ఇంకో పేరు బయటపడుతుంది. ప్రతి ఊళ్లోనూ పడుతుంది, ఎక్కడో స్థిరపడ్డ మనవరాలు ఫొటో పంపుతుంది. అందుకని పలక మీద అడుగున రెండు మూడు వరసల చోటు ఖాళీగా ఉంచాలి, రాబోయే చావుల కోసమని ఎవరైనా అపార్థం చేసుకుంటే మరిచిపోయిన వాళ్ల కోసమని చెప్పాలి. మూల కాగితాల నకళ్లు ఒక సెట్ బడిలో, ఒకటి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, ఒకటి ఊరు వదలని కుటుంబం దగ్గర ఉంచాలి. పంచాయతీ ఆఫీసు బీరువాను నమ్ముకోవద్దు, ఎన్నికలకోసారి అది ఖాళీ అవుతుంది. రెండు ప్రపంచయుద్ధాల వాళ్లలో కమిషన్ జాబితాలో పేరు తప్పుగా పడ్డవాళ్లకు, అసలు పడని వాళ్లకు రుజువులతో రాస్తే వాళ్లు పరిశీలించి చేరుస్తారు. పతకం అంచు ఫొటో, మనియార్డరు ముక్క, పింఛను కాగితం, పెట్టె మూత ఫొటో జతచేసి, పేరు ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్నీ ఆ ఉత్తరంలోనే రాసి పంపాలి.